కళ్ళకు గుడ్డ కట్టిన ఏడాది

సిరిసిల్లలో పుట్టి సాంచల మధ్య పెరిగినవాడికి కరెంటు గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మా దగ్గర మరమగ్గాన్ని సాంచ అంటారు. అప్పట్లో నాకు నాలుగు సాంచలు ఉండేవి. ఇంటి వెనక రేకుల షెడ్డులో అవి పొద్దంతా టకటకలాడుతుంటే, ముందు గదిలో అన్నం తింటూనే చప్పుడును బట్టి వోల్టేజీ ఎంత ఉందో చెప్పేవాణ్ణి. వానాకాలం నాట్లప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో బావుల మోటార్లన్నీ ఒక్కసారే నడిస్తే మా షెడ్డులో బల్బు ఎర్రటి దారపు పోగులా మిగిలేది. అప్పుడు సాంచ ఆగిపోదు. అదే అసలు ప్రమాదం. నడుస్తున్నట్టే ఉంటుంది, మోటారు మాత్రం లోపల మూలుగుతుంది. తెలియనివాడు నడుస్తోంది కదా అని వదిలేస్తాడు, కాసేపట్లో కాలిన వాసన వస్తుంది. అందుకే మా వాడకట్టులో చిన్నపిల్లలకు కూడా తెలిసిన పద్ధతి ఒకటుంది. వోల్టేజీ పడిందా, వెంటనే బంద్ పెట్టాలి. కరెంటు పూర్తిగా వచ్చేదాకా మోటారు మీద బరువు వేయకూడదు.

ఈ తెలివినే నేను నా బిడ్డ కళ్ళ మీద చూపించాను.

బిడ్డ కోరుట్లలో పుట్టింది. తొలికాన్పు కాబట్టి నా భార్య తల్లిగారింట్లోనే ఉంది. మా అత్త బీడీలు చేసేది. చాట ఒళ్ళో పెట్టుకుని, తునికాకులో తంబాకు వేసి చుట్టి, దారం కట్టి పక్కన పడేస్తూ, మధ్యమధ్య ఉయ్యాలను కాలితో ఊపేది. బిడ్డకు మూడో నెల నిండాక నేను చూడ్డానికి వెళితే, చేతిలో పని ఆపకుండానే అంది:

"అల్లుడా, పిల్ల నా మొకం దిక్కు సూస్తలేదు. సప్పుడైతె తిరుగుతది. మొకం దిక్కు సూడదు."

"మూడు నెలల పిల్ల నిన్ను గుర్తువట్టి శనార్తి వెట్టాల్నా అత్తా?" అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. చాట పక్కన పెట్టి, బిడ్డను ఎత్తుకుని గడప దగ్గరికి తీసుకెళ్ళింది. బయట ఎండ ఫెళ్ళుమని ఉంది. బిడ్డ కళ్ళు తెరిచే ఉన్నాయి, పెద్ద పెద్ద కళ్ళు, నన్ను కన్న మా అవ్వవి. వాటిలో ఎండ పడుతోంది కానీ అవి దేని మీదా ఆగడం లేదు. నా భార్య తలుపు వెనక నిలబడి నన్నే చూస్తోంది. ఆ సంగతి తనకు ముందే తెలుసని, నాకు చెప్పడానికి ధైర్యం చాలక తల్లితో చెప్పించిందని అప్పుడు అర్థమైంది.

జగిత్యాలలో కళ్ళ డాక్టరు టార్చి వేసి చూశాడు. పొర లేదు, మచ్చ లేదు, పైకి అంతా బాగానే ఉందన్నాడు. కంటి వెనక పరద పని చేస్తోందో లేదో తెలియాలంటే పట్నం పోవాలని చీటీ రాసిచ్చాడు. మరుసటి వారమే వెళ్ళాం.

పట్నం ఆసుపత్రిలో మమ్మల్ని ముందు ఒక చీకటి గదిలో అరగంట కూర్చోబెట్టారు. కంటికి చీకటి అలవాటు కావాలన్నారు. తర్వాత బిడ్డ కంట్లో చుక్కలు వేసి, తీగ అతికించిన చిన్న చిప్పలాంటిదాన్ని కంటి మీద పెట్టారు. నుదుటి మీద ఒక తీగ, చెవి దగ్గర ఒక తీగ అంటించారు. నా భార్య బిడ్డ చేతులు పట్టుకుని ఏడుస్తోంది. నాకు మాత్రం, సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ తీగలు చూడగానే ధైర్యం వచ్చింది. ఇది నాకు తెలిసిన వ్యవహారమే అనిపించింది. లైటు మెరిసినప్పుడల్లా కాగితం మీద ఒక గీత లేచి పడుతోంది.

డాక్టరు పెద్దాయన, ఓపికగానే చెప్పాడు. వెలుతురు పడగానే కంటి పరదలో సన్నని కరెంటు పుడుతుంది, ఆ గీత దానిదే. పెద్దవాళ్ళకు గీత ఎత్తుగా లేస్తుంది. పసిపిల్లల్లో చిన్నగానే ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ పెరుగుతుంది. మసక వెలుతురును పట్టుకునే భాగమైతే ఇంకా నిదానంగా ఎదుగుతుంది. "మీ పాపకు వయసుకు కావలసినదానికంటే కూడా కొంచెం తక్కువగానే ఉంది. జబ్బు కావచ్చు, ఎదుగుదల ఆలస్యం కావచ్చు. ఈ ఒక్క కాగితం చూసి చెప్పలేను. ఆరు నెలల తర్వాత మళ్ళీ తీసుకురండి. పెరిగితే భయం లేదు" అన్నాడు.

"అప్పటిదాకా ఏం మందు వెయ్యాలె సార్?" అని అడిగింది నా భార్య.

"మందేమీ లేదమ్మా. ఎదగాలి, అంతే."

నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. తెలుసనుకున్నవాడు అడగడు. కంట్లో వోల్టేజీ తక్కువగా ఉంది, ఆరు నెలల్లో పెరగొచ్చు. మరి అందాకా ఏం చేయాలో మా వాడకట్టులో ఎవరిని అడిగినా చెప్తారు కదా. పైగా వాళ్ళే పరీక్షకు ముందు చీకట్లో కూర్చోబెట్టారు. చీకటి కంటికి మంచిదన్న మాటే కదా. బస్సు సిరిసిల్ల చేరేలోపు నా మనసులో అంతా కుదిరిపోయింది.

నా సాంచ మీద నేసిన గుడ్డనే కత్తిరించి, నల్లరంగు వేయించి, రెండు పొరలు కుట్టించాను. పొద్దున లేవగానే బిడ్డ కళ్ళకు కట్టాలి, పొద్దు గూకాక లోపలి గదిలో విప్పాలి. కిటికీకి కూడా గుడ్డ వేశాను. నా భార్య మొదటి రోజే ఎదురు తిరిగింది.

"డాక్టరు కట్టుమన్నడా? గిట్ల కట్టుమని ఎవలు చెప్పిండ్రు నీకు?"

"మోటారు సంగతి నీకెరుకనా, నాకెరుకనా?"

"అది మోటారా? అది పిల్ల!"

"కరెంటు ఎక్కడైనా కరెంటే" అన్నాను. ఆ మాట అన్న గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. చాలా నిదానంగా, చాలా తెలివిగా ఉంది ఆ గొంతు.

మా అవ్వ కూడా గొణిగింది. "అన్నీ తెలిసినమ్మ అమాస నాడు సచ్చిందట, ఏం తెలవనమ్మ ఏకాశి నాడు సచ్చిందట" అని నా మీద ఒక సామెత విసిరి, కండెలు చుట్టుకుంటూ కూర్చుంది. ఆడవాళ్ళు ఇద్దరికీ అనుమానమే. కానీ పట్నం డాక్టరు ముందు కూర్చుని ఆ గీతను అర్థం చేసుకున్న మగవాణ్ణి నేను. ఇంట్లో నా మాటే నెగ్గింది.

బిడ్డ మొదట్లో గుడ్డను చేతులతో పీకేది. పది రోజులకు అలవాటైంది. గుడ్డ కట్టగానే కదలకుండా పడుకునేది. చూడు, ఎంత హాయిగా ఉందో, కంటికి విశ్రాంతి దొరికింది అని నేను మురిసిపోయాను.

బతుకమ్మ పండుగకు నా భార్య బిడ్డను తీసుకుని కోరుట్ల వెళ్ళింది. గుడ్డ తీయవద్దని పదిసార్లు చెప్పి పంపాను. పండుగ చివరి రోజు, సద్దుల నాటికి నేను వెళ్ళేసరికి మా అత్త గడపలో కూర్చుని ఉంది. ఒళ్ళో చాట లేదు, బిడ్డ ఉంది. కళ్ళకు గుడ్డ లేదు. బీడీలకు కట్టే దారం ఉండను పట్టుకుని, బిడ్డ ముఖం ముందు అటూ ఇటూ ఊపుతోంది. ఎర్రటి దారం.

"అల్లుడా, జల్ది రా! సూడు, దారం ఎటువోతె అటు కండ్లు తిప్పుతుంది!"

చూశాను. అబద్ధం చెప్పను, చూశాను. ఆరో నెల బిడ్డ. దారం ఎడమకు వెళితే ఆ కళ్ళు కొంచెం ఆలస్యంగా, వణుకుతూ, ఎడమకు వెళ్ళాయి. కుడికి వస్తే కుడికి వచ్చాయి. మూడు రోజులుగా గుడ్డ లేదట. మొదటి రోజు ఏమీ లేదట, రెండో రోజు ఎండలోకి తల తిప్పిందట, ఆ పొద్దున్నే దారాన్ని కళ్ళతో పట్టుకుందట. నా భార్య పక్కన కూర్చుని నవ్వుతోంది. కాన్పు తర్వాత తను అలా నవ్వడం నేను చూడలేదు.

నేనేం చేశానో చెప్పాలి. ఇది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. వోల్టేజీ పడ్డ మోటారు కూడా ఇట్లాగే కాసేపు నడుస్తుందని, ఆ నడక చూసి మోసపోకూడదని అనుకున్నాను. బిడ్డను అత్త ఒళ్ళోంచి లాక్కున్నాను. "మీరు ఇద్దరు కలిసి పిల్ల కండ్లు కాలవెడుతున్నరు" అని వాకిట్లో అరిచాను. బతుకమ్మ పేర్చడానికి పూలు తెచ్చిన ఇరుగుపొరుగు అంతా చూస్తుండగా, జేబులోంచి గుడ్డ తీసి కట్టాను. జేబులో ఇంకొకటి పెట్టుకునే వెళ్ళాను మరి. పండుగ పూట భార్యాబిడ్డలను బస్సెక్కించి సిరిసిల్ల తీసుకొచ్చేశాను. మా అత్త బస్సు దాకా వచ్చి, కిటికీ పట్టుకుని, "కొడుకా, నీ కాల్మొక్త, పిల్లను సూడనియ్యి" అంది. నేను అటు తిరిగి కూర్చున్నాను.

డాక్టరు చెప్పిన ఆరు నెలలు నిండగానే పట్నం వెళ్ళి ఉంటే, ఎంతో కొంత మిగిలేదేమో. వెళ్ళలేదు. అవి ఎట్లాంటి రోజులో మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. చందుర్తి దిక్కు ఎన్‌కౌంటర్ అయిందని అన్నలు, అదే నక్సలైట్లు, బంద్ అన్నారు. బస్సులు ఆగిపోయాయి. బస్సులు మళ్ళీ నడిచేసరికి పోలీసులు నా కోసం వచ్చారు. ఎప్పుడో ఒక సాయంత్రం ఎవరో ఇద్దరు మా షెడ్డు దగ్గర ఆగి నీళ్ళు అడిగితే, నా దగ్గర పనిచేసేవాళ్ళు ఇచ్చారు. ఆ ఇద్దరూ అన్నలట. నాకు ఆ ముఖాలు కూడా గుర్తు లేవు. మూడు రోజులు ఠాణాలో ఉంచారు. కొట్టినదాని గురించి రాయను, అందరినీ కొట్టినట్టే కొట్టారు. వదిలేటప్పుడు ప్రతి సోమవారం వచ్చి సంతకం పెట్టాలని, చెప్పకుండా ఊరు దాటితే మళ్ళీ లోపలికేనని అన్నారు.

బిడ్డ కంటి పరీక్షకు పట్నం పోవాలని అడిగితే ఎస్సై, "పట్నంల ఎవన్ని కలుస్తవురా?" అన్నాడు. డాక్టరు కాగితం చూపించాను. ఆ గీతను అటూ ఇటూ తిప్పి చూసి, ఇదేం రహస్య కోడు అన్నాడు. మరోసారి అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

"నువ్వు రాకుంటె మానె. నేను మా తమ్ముణ్ణి తోలుకొని పోత" అంది నా భార్య.

పోనివ్వలేదు. బావమరిది వయసులో ఉన్నవాడు, దారిలో పోలీసులు ఆపితే వాణ్ణీ పట్టుకుపోతారన్నాను. అది నిజమే. కానీ పూర్తి నిజం కాదు. డాక్టరు చెప్పేది నేను లేకుండా వీళ్ళకేం అర్థమవుతుందన్న పొగరు కూడా ఉంది. ఆలస్యమైతే నష్టమేముంది, కళ్ళు విశ్రాంతిలోనే ఉన్నాయి కదా అనుకున్నాను. సోమవారాలు గడుస్తూ పోయాయి. ఎస్సై మారి, కొత్తాయన నా సంతకాలు చాలని చెప్పేసరికి బిడ్డకు ఏడాదిన్నర దాటింది. నడక ఇంకా రాలేదు. గోడ పట్టుకుని నిలబడేది, చెయ్యి వదిలేది కాదు.

పట్నంలో అదే గది, అదే పెద్దాయన. ఈసారి బిడ్డకు నిద్రమందు ఇచ్చి పరీక్ష చేశారు. కాగితం బయటికి వస్తుంటే నేను మెడ చాచి చూశాను. గీత నిటారుగా, ఎత్తుగా లేచింది. ఒకసారి కాదు, లైటు మెరిసిన ప్రతిసారీ. పరీక్ష చేసే అమ్మాయి "బాగుంది సార్" అంది. నా ఆనందం ఏమని చెప్పను? నా భార్య భుజం పట్టుకుని ఊపేశాను. "వోల్టేజి వచ్చింది! చెప్పిన్నా లేదా?" అన్నాను. తను ఏడుస్తూ డాక్టరుకు దండం పెట్టింది.

డాక్టరు కూడా సంతోషించాడు. పరదకు ఏ జబ్బూ లేదు, మొదట్లో ఎదుగుదల ఆలస్యమైంది అంతే, కొందరు పిల్లలకు అట్లా అవుతుందన్నాడు. బిడ్డ నిద్ర లేచాక దగ్గరికి తీసుకుని, ముఖం ముందు ఒక బొమ్మ ఊపాడు. బిడ్డ కళ్ళు బొమ్మ మీద ఆగలేదు. ఊరికే అటూ ఇటూ ఊగుతున్నాయి, బొమ్మ ఉన్నా లేకున్నా అట్లాగే. ఆయన మళ్ళీ ఊపాడు. పెద్ద బొమ్మ తెప్పించాడు. తర్వాత బిడ్డ నుదుటి నుంచి చెంపల దాకా, మిగతా ముఖం కంటే తెల్లగా ఉన్న పట్టీని వేలితో తడిమి చూశాడు.

"ఇదేంటి?"

నేను చెప్పాను. మెచ్చుకుంటాడనే అనుకుని, వివరంగా చెప్పాను. వోల్టేజీ సంగతి, మోటారు సంగతి, పొద్దున కట్టి సాయంత్రం విప్పిన సంగతి. పద్నాలుగు నెలలు ఒక్కరోజు కూడా తప్పలేదన్నాను. తర్వాత, కోరుట్లలో మూడు రోజులు తప్పింది సార్, ఆడవాళ్ళు తీసేశారు అని కూడా చెప్పాను.

ఆయన బొమ్మను బల్ల మీద పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. "ఆ మూడు రోజుల్లో ఏమైనా చూసిందా?" అని అడిగాడు.

నేను తల వంచుకున్నాను. నా భార్య చెప్పింది, దారం సంగతి.

"కన్ను వెలుతురును పట్టుకుంటేనే చాలదు. పట్టుకున్నది ఏమిటో మెదడు నేర్చుకోవాలి. ఆ చదువు ఈ నెలల్లోనే జరగాలి, చూస్తూనే జరగాలి. మళ్ళీ అదే చదువు చెప్పాలంటే కష్టం" అన్నాడు. గుడ్డ ఎప్పుడూ కట్టవద్దని, రంగులు, దీపాలు, ముఖాలు రోజంతా చూపించమని, కొంతైనా రావచ్చని చెప్పాడు. కాగితం నా చేతికిచ్చాడు. అంత అందమైన గీత.

తిరుగు బస్సులో నా భార్య నాకు వీపు పెట్టి కూర్చుంది. బిడ్డను కిటికీ దగ్గర నిలబెట్టి పట్టుకుంది. "గది లారి బిడ్డా. గది చెర్వు. గవి బర్లు, నల్లగున్నయి సూడు. గది తంగేడు చెట్టు, పసుపుపచ్చటి పువ్వులు." పట్నం నుంచి సిరిసిల్ల దాకా ఆపలేదు. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. బిడ్డ మాత్రం కిటికీ వైపు కాకుండా, మాట వినిపిస్తున్న వైపు, తల్లి నోటి వైపు ముఖం తిప్పి నవ్వుతూ కూర్చుంది.

కొంత వచ్చింది. ఎండకూ నీడకూ తేడా, మీద పడేంత దగ్గరికి వస్తే మనిషి ఆకారం, పెద్ద పెద్ద రంగులు. అక్షరం రాలేదు. ముఖం రాలేదు. అంధుల బడిలో చుక్కల అక్షరాలతో చదువుకుంది, డిగ్రీ దాకా చదివింది. తెలివైన పిల్ల, నాలాంటి తెలివి కాదు.

అడిగినవాళ్ళందరికీ పుట్టుకతోనే అని చెప్పాను. మా అవ్వ చనిపోయింది. మా అత్త నాతో మాట్లాడటం మానేసింది, కానీ బయట ఎక్కడా నోరు విప్పలేదు. నా భార్య ఎంత కొట్లాటలోనూ ఆ ఒక్క మాట ఎత్తలేదు. ఎత్తుతుందేమోనని ప్రతి కొట్లాటలో ఎదురుచూసేవాణ్ణి. బిడ్డకు మాత్రం తెలియకూడదు, నేను బతికుండగా తెలియకూడదు అని రోజూ మొక్కుకునేవాణ్ణి.

బిడ్డకు ఇరవై రెండో ఏట, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడానికి వికలాంగుల సర్టిఫికెట్ కావాలంటే జగిత్యాలలో క్యాంపుకు తీసుకెళ్ళాను. పెద్ద వరుస. నా పక్కనే నా మోచెయ్యి పట్టుకుని నిలబడింది. ఎందుకో ఆ వరుసలో నిలబడ్డప్పుడు నిర్ణయించుకున్నాను. వీళ్ళు ఎలాగూ అడుగుతారు, ఈసారి ఉన్నది చెప్పేస్తాను. కాగితం మీదైనా నిజం ఉండనీ. బిడ్డ విన్నా విననీ.

మా వంతు వచ్చింది. డాక్టరు ఫారం నింపుతూ, తల ఎత్తకుండానే, "చూపు ఎప్పటినుంచి లేదు?" అన్నాడు.

నేను గొంతు సవరించుకున్నాను. "సార్, నిజానికి..."

"పుట్టుకతోని సార్" అంది బిడ్డ. నా మోచెయ్యిని గట్టిగా నొక్కింది. ఆయన రాసుకున్నాడు, ముద్ర వేశాడు.

బయటికి వచ్చాక ఆసుపత్రి గోడ పక్కన నిలబడిపోయాను.

"పుట్టుకతోని కాదు బిడ్డా" అన్నాను.

"ఎరుకే బాపు."

"ఏమెరుక?"

"అంతా ఎరుకే. నాకు తొమ్మిదేండ్లప్పుడు అమ్మమ్మ చెప్పింది. బాపుకు చెప్పకే, తిండి మానేస్తడు అన్నది. గందుకే చెప్పలె."

పదమూడేళ్ళు. ఆ పదమూడేళ్ళూ నేను బడికి తీసుకెళ్తుంటే నా చెయ్యి పట్టుకుని నడిచింది, నేను కలిపి పెట్టిన ముద్ద తిన్నది, పండుగకు కొన్న బట్ట ఏ రంగో నన్నే అడిగింది. నేను దాస్తున్నాననుకుంటూ బతికాను. ఏమీ తెలియనట్టు ఉండటానికి ఆ పిల్ల ఎంత కష్టపడిందో, నాకు కళ్ళుండి కూడా కనబడలేదు.

"మరి లోపల గట్లెందుకన్నవు?" అని అడిగాను.

"సూపు పుట్టినంక వోయిందంటె, ఎందుకు వోయింది అని ఉంటది బాపు ఆ ఫారంల. కింద కారణం రాస్తరట, మా దోస్తు చెప్పింది" అంది. నా మోచెయ్యి వదలకుండానే, "గాడ నీ పేరు రాపిత్తనా నేను?" అంది.